ఒక ఇంటికి ఒకే అభ్యంతరం

"చదువమ్మా. కింద సంతకం నీదే గదా, నువ్వే చదివి వినిపియ్యి," అన్నాడు మౌలాలీ.

నోటీసును గోడ మీంచి పీకి తెచ్చాడాయన. వెనకాల మైదా జిగురు పెచ్చులు ఇంకా అంటుకునే ఉన్నాయి. నిఖత్ ఆఫీసుకు లంచ్ బాక్సు సర్దుకుంటున్న బల్ల మీద, బాక్సుకు ఆనించి మరీ పరిచాడు.

నిఖత్ చెయ్యి ఆగిపోయింది.

నాన్న తనతో మాట్లాడి మూడు రోజులైంది. సర్వేవాళ్ళు వచ్చి ఇనపకొట్ల బజారు పొడుగునా ఎర్ర గీతలు గీసిపోయిన రోజు నుంచీ అంతే. వాళ్ళింటికి పడిన గీత వీధి గోడ మీద పడలేదు. కొట్టు లోపల, స్పానర్లు తగిలించే గోడ మీద పడింది. ఆ గీతకు ఇవతలున్నదంతా ఇక రోడ్డే. కింద లారీ మెకానిక్ కొట్టు, పైన ముందు గది, సయీదా కుట్టుమిషను వేసుకున్న వరండా, అన్నీ రోడ్డే.

మూడు రోజుల తర్వాత నాన్న నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది.

"నాన్నా, అది..."

"చదవమంటున్నా."

చదివింది. "ఓగేరుపేట పురపాలక సంఘం. ముసాయిదా మాస్టర్ ప్లాను. ఇనపకొట్ల బజారును ముప్పై అడుగుల నుంచి అరవై అడుగులకు విస్తరించు నిమిత్తం..." గొంతు సవరించుకుంది. "అభ్యంతరములు ఉన్నవారు శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు కార్యాలయ సమావేశపు హాలులో హాజరు కావలెను."

"శుక్రవారమంటే ఇయ్యాలే. కింద?"

"నిఖత్ పర్వీన్. వార్డు ప్లానింగ్ కార్యదర్శి."

"ఇంకోసారి చెప్పు. మీ అమ్మకు వినపళ్ళా."

వరండాలో మిషను చప్పుడు ఆగింది. సయీదా తల ఎత్తలేదు. సూదిలోంచి దారం తెంపి, మళ్ళీ ఎక్కించుకుంటూ కూర్చుంది.

"నీకు ఉద్యోగమొచ్చిన్నాడు బజారంతా మిఠాయి పంచా," అన్నాడు మౌలాలీ. "ఏ కొట్టూ వదల్లా. ఇప్పుడా కొట్లోళ్ళే వచ్చి నిలబడి అడుగుతున్నారు, 'నీ కూతురే గీత గీయించిందంట గదా' అని. ఏం చెప్పమంటావ్?"

"నేను గీయించలేదని చెప్పు. ప్లాను వేసింది కన్సల్టెంట్లు. నోటీసు ఒక్కటే నాది."

"నోటీసు ఒక్కటే! ఎంత తేలిగ్గా అన్నావే!"

"తేలిగ్గా అనలేదు నాన్నా. ఇంటింటికీ నోటీసు అక్కర్లేదు, పేపర్లో ఓ మూల చిన్న ప్రకటన వేస్తే సరిపోద్దన్నారు వాళ్ళు. ఎవరికీ తెలియకుండా గడువు అయిపోయేది. ప్రతి గుమ్మానికీ అంటించాల్సిందేనని పట్టుబట్టింది నేను. అయితే నువ్వే సంతకం పెట్టుకో అన్నారు. పెట్టా."

"అంటే మా మంచికే మా కొంపకు నోటీసు అంటించావన్నమాట."

"అవును. మంచికే."

ఆ మాట తను అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. వచ్చింది గదా, వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఎదురింటి రత్నకుమారి టీచరు పైకి వచ్చింది. బజారు చివరి మిషన్ స్కూల్లో ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పి దిగిపోయిన మనిషి. గీత వాళ్ళ ఇంట్లో మంచం మధ్యగా పోయిందని అందరికీ నవ్వుతూ చెబుతోంది గానీ, ఆ మంచం మీద నిద్రపోవడం మానేసింది.

"అరుపులు మా వంటింట్లోకి వినపడుతున్నాయి మౌలాలీ," అంది కుర్చీ లాక్కుంటూ. "నిఖత్, ఇంకా చూపించలేదా మీ నాన్నకు?"

"ఏంది చూపించేది?" అన్నాడు మౌలాలీ.

నిఖత్ తల్లి వంక చూసింది. తల్లి దారం వంక చూస్తోంది.

బ్యాగులోంచి చుట్ట చుట్టిన చార్టు తీసి బల్ల మీద విప్పింది. ఆర్నెల్లుగా ఆదివారాలన్నీ పోసి గీసిన ప్లాను అది. అందులో ఇనపకొట్ల బజారు ఉన్న వెడల్పులోనే ఉంది. రెండు పక్కలా నడిచేవాళ్ళకు అరుగు ఎత్తు దారి, వేపచెట్ల నీడ. స్టేషను దగ్గర బయల్దేరి బజారు మీదుగా పెద్దాసుపత్రికి, అక్కణ్ణుంచి కాలేజీకి పోయే చిన్న కరెంటు బస్సు, పది నిమిషాలకొకటి. కింద కొట్టు, పైన ఇల్లు ఎలా ఉన్నాయో అలాగే.

"వాళ్ళ ప్లానులో మన బజారుకు నీలం రంగు వేశారు నాన్నా. అంటే వ్యాపారం మాత్రమే. ఇక మీదట కొట్టు పైన ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇవ్వరు. కాపురాలన్నీ ఊరి బయట రింగు రోడ్డు పక్కన పసుపు రంగులో ఉంటాయి. అక్కడ కొట్టు పెట్టనియ్యరు. ఉప్పు పొట్లానికి కూడా బండెక్కాలి. ఆ బండ్లకు రోడ్డు చాలదు, రోడ్డు కోసం మళ్ళీ మన ఇళ్ళు. నా ప్లానులో ఒక్క గోడా పడదు."

మౌలాలీ వంగి చూశాడు. గ్రీజు మరకల వేలు కాగితానికి తాకకుండా గాల్లోనే బజారు మీదుగా నడిపించాడు. తన కొట్టు దగ్గర ఆగాడు. ముఖం కాస్త మెత్తబడింది. నిఖత్ ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు ఆ వేలు బజారు చివరికి పోయింది.

"ఈ బాణాలేంది?"

"లారీలు. పిడుగురాళ్ల నుంచి వచ్చే సున్నం లారీలు, చిలకలూరిపేట పోయే పత్తి లారీలు రింగు రోడ్డు మీదుగా పోతాయి."

"ఊళ్ళోకి?"

"రావు."

"అసలుకే రావా?"

నిఖత్‌కు అప్పుడు అర్థమైంది తనేం గీసిందో. ఆర్నెల్ల నుంచీ గీస్తోంది, ఒక్కసారి కూడా ఈ వేలితో చూడలేదు దాన్ని.

"లారీలు రాకపోతే లారీ మెకానిక్కు ఏం చేస్తాడమ్మా?" అన్నాడు మౌలాలీ. ఈసారి గొంతు పెంచలేదు. "వాళ్ళు గోడ పడగొడతామంటన్నారు. నువ్వు గోడ నిలబెట్టి నన్ను పడగొడతావా?"

"కొండమ్మత్త కాలు పోయింది నాన్నా. కూరగాయల గంప ముందు కూర్చున్న మనిషి మీదికి లారీ వెనక్కొచ్చింది. మన గుమ్మం ముందే."

"ఆ లారీ బ్రేకులు నేను చూసినయ్ కాదు!"

"బ్రేకుల గురించి అనటంలా. ఆ లారీ ఈ బజార్లోకి రావడం గురించి అంటన్నా."

 కింద ఏదో లారీ హారను కొట్టింది. కిటికీ ఊచలు సన్నగా అదిరాయి. బల్ల మీది స్టీలు గ్లాసులో నీళ్ళు వణికాయి.

"పో, ఆఫీసుకు పో," అన్నాడు మౌలాలీ. "మూడింటికి నేనూ వస్తా. నా అభ్యంతరం నేను చెప్పుకుంటా. వాళ్ళ మీదా, నీ మీదా."

దిగిపోయాడు. ఆయన వెనకే టీచరు కూడా ఏదో చెప్పబోతూ దిగింది.

నిఖత్ చార్టు చుట్టింది. చుట్ట సరిగా రాలేదు, విప్పి మళ్ళీ చుట్టింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి సయీదా ఎదురొచ్చి బాక్సు చేతికిచ్చింది.

"పెరుగు వేరే డబ్బాలో పెట్టా. నిలువుగా పట్టుకో, వొలికిద్ది."

దాంతో పాటు పొడుగాటి నోటుపుస్తకం ఒకటి బ్యాగులో దోపింది. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం.

"ఇదెందుకమ్మా?"

"వెనకనుంచి తిప్పు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా టీచరమ్మ లెక్కబెట్టింది. ఆ తర్వాత దీపాలు పెట్టేదాకా నేను. ఏడు రోజులు."

బజార్లో ఎన్ని బండ్లు, ఎంతమంది మనుషులు పోతున్నారో లెక్క కావాలని నిఖత్ టీచరును అడిగిన మాట నిజమే. సగం లెక్క కట్టింది తన తల్లేనని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"నాన్నకు తెలుసా?"

సయీదా అటు తిరిగింది. మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

*

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు గోపాలకృష్ణయ్య చెడ్డవాడు కాదు. ఎవరినీ కసురుకోడు, ఫైలు ఎవరి ముందూ దాచడు. కాకపోతే ఏ మాటకైనా ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఆ తుడవడం ఎంతసేపు సాగితే మాట అంత కష్టమైనదని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఇవాళ చాలాసేపు తుడిచాడు.

"నోటీసు ఇచ్చింది నువ్వు. నోటీసు అందుకున్నదీ మీ ఇల్లే. విచారణలో నువ్వు నా పక్కన కుర్చీలో కూర్చుంటే రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. ఈ పూటకు సెలవు పెట్టుకోమ్మా. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో."

"కన్సల్టెంట్ల ప్లాను గురించి మీరేమనుకుంటున్నారు సార్?"

"నేననుకునేది రాసే గడి ఈ ఫైల్లో లేదు."

"ఉంటే?"

గోపాలకృష్ణయ్య కిటికీ వంక చూశాడు. "సుధీర్ బాబు గారికి పైన చాలా పరిచయాలున్నాయమ్మా," అన్నాడు చివరికి.

సుధీర్ బాబు కన్సల్టెన్సీ తరఫు ఇంజినీరు. రింగు రోడ్డు పక్కన పడుతున్న కొత్త వెంచరు ఆయన బావగారిదని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కాగితాల మీద మాత్రం ఆ సంగతి ఎక్కడా లేదు. బజారు అరవై అడుగులైతే స్టేషను నుంచి ఆ వెంచరు గేటు దాకా కారు తిన్నగా పోతుంది.

నిఖత్ అక్కడే నిలబడి సెలవు చీటీ రాసిచ్చింది.

గోపాలకృష్ణయ్య చదివాడు. కళ్ళజోడు తీసి, పెట్టుకుని మళ్ళీ చదివాడు. 'కారణము' అన్న చోట 'అభ్యంతరము చెప్పుకొనుటకు' అని ఉంది.

"ఇంటికెళ్ళమన్నాను గదమ్మా."

"సెలవు తీసుకోమన్నారు సార్. తీసుకున్నాను. సెలవులో ఎక్కడుండాలో చెప్పే గడి కూడా ఆ కాగితంలో లేదు."

ఆయన పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో కాదో తెలియలేదు. సంతకం పెట్టాడు.

*

మూడింటికల్లా హాలు నిండింది. ఇనపకొట్ల బజారు సగానికి సగం మూసి వచ్చారు. కొండమ్మ చంకకర్రలు గోడకు ఆనించి ముందు వరసలో కూర్చుంది. మౌలాలీ గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్ళ వెనక వరసలో ఎక్కడో సయీదా ఉంది. నిఖత్ అధికారుల బల్ల దగ్గరికి పోకుండా టీచరు పక్కన కూర్చుంది. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు లేచి వేరే చోటికి మారారు. గీత సంగతి వాళ్ళింకా మర్చిపోలేదు.

గోడ మీద పెద్ద మ్యాపు అంటించారు. పక్కన తెర మీద బొమ్మలు మారుతున్నాయి. అద్దాల భవనాలు, పచ్చిక, ఎవరూ నడవని వెడల్పాటి రోడ్లు.

"పాతకాలంలో కొట్టు పైనే కాపురం ఉండేవాళ్ళు," అన్నాడు సుధీర్ బాబు. మైకు లేకపోయినా వినిపించే గొంతు. "ఆ రోజులు పోయాయి. వ్యాపారం వ్యాపారం దగ్గర, ఇల్లు ఇంటి దగ్గర. పిల్లలకు మంచి గాలి. మీరే నాకు థ్యాంక్స్ చెబుతారు."

రత్నకుమారి చెయ్యెత్తింది. "ఇళ్ళు అక్కడా కొట్లు ఇక్కడా అయితే, మధ్యలో ఎట్టా వచ్చిపోవాలి బాబూ?"

"ఇప్పుడు ఎవరింట్లో బండి లేదు మేడమ్?"

"మా ఇంట్లో లేదు. ఈ కొండమ్మకైతే ఉన్న రెండు కాళ్ళలో ఒకటి పోయింది."

హాల్లో కలకలం లేచింది. సుధీర్ బాబు చిరునవ్వు చెదరనియ్యలేదు. తెర మీదికి అంకెలు తెచ్చాడు. ఇనపకొట్ల బజార్లో పగటిపూట గంటకు తొంభై లారీలు.

"తొంభై లారీలు! ఇది మా ఊహ కాదు, కెమెరా పెట్టి లెక్కించింది. ముప్పై అడుగుల్లో ఇన్ని లారీలుంటే ప్రాణాలు పోక ఏమవుతాయి? మీ క్షేమం కోసమే ఈ వెడల్పు."

నిఖత్ లేచింది. "ఏ తారీఖున లెక్కపెట్టారు సార్?"

"మీరు స్టాఫ్ కదా?"

"ఇవాళ సెలవు. తారీఖు చెప్పండి."

"ఫిబ్రవరి పదకొండు."

"ఒక్కరోజేనా?"

"శాంపిల్ అంటారమ్మా దాన్ని."

"మేం ఏడు రోజులు లెక్కపెట్టాం." నోటుపుస్తకం విప్పింది.  "ఈ బజారు వెంట పోయే ప్రతి వంద మందిలో అరవై ఒక్క మంది నడిచి పోతున్నారు. తొమ్మిది మంది సైకిళ్ళ మీద. పదిహేడు మంది మోటారు సైకిళ్ళ మీద, తొమ్మిది మంది ఆటోల్లో. లారీల్లో పోయేవాళ్ళు నలుగురు. ఆ నలుగురి కోసం మీరు ఈ తొంభై ఆరు మంది ఇళ్ళూ దారీ తీసేస్తున్నారు."

సుధీర్ బాబు దగ్గరికి వచ్చి పుస్తకంలోకి తొంగిచూశాడు. "చేతి పొడవు, మెడ చుట్టు... ఇది టైలరింగ్ పుస్తకమా అమ్మా?"

ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక్కి పాకింది. నిఖత్ చెవులు వేడెక్కాయి.

"టైలరింగ్ పుస్తకమే," అంది. "అర అంగుళం తేడా వస్తే జాకెట్టు విప్పి మళ్ళీ కుట్టే మనిషి రాసిన లెక్క సార్ ఇది. మీ తొంభై అట్టా విప్పి చూపిస్తారా?"

నవ్వు ఆగింది.

సుధీర్ బాబు గుమ్మం వైపు తిరిగాడు. "ఎందుకమ్మా వాదన? లారీల సంగతి లారీల మనిషినే అడుగుదాం. మౌలాలీ గారూ, ఇలా రండి. మీ బజారుకు లారీలు వస్తాయా రావా? రోడ్డు పెద్దదైతే మీకు లాభమా నష్టమా? నిన్న మీ కొట్టు దగ్గర మాట్లాడుకున్నాం కదా, ధైర్యంగా చెప్పండి."

నిన్న కొట్టు దగ్గరికి ఈయన వచ్చాడా? నిఖత్ తండ్రి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏమీ దొరకలేదు.

మౌలాలీ మెల్లగా ముందుకు నడిచాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

"తారీఖు ఏందన్నారు?"

"ఫిబ్రవరి పదకొండు."

జేబులోంచి ఫోను తీసి, దూరంగా పట్టుకుని వేలితో జరుపుతూ పోయాడు. హాలంతా ఆ వేలి కోసం ఎదురుచూసింది.

"ఇదిగో. పదకొండే. ఆ రోజు నేను కొట్లో లేను బాబూ. రింగు రోడ్డు కల్వర్టు మీద సున్నం లారీకి యాక్సిల్ ఇరిగి, రోడ్డుకు అడ్డంగా కూలబడింది. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా నేను దాని కిందనే పడుకుని ఉన్నా. సామాను తెప్పించడానికి తీసిన ఫోటో ఇది. రింగు రోడ్డు మూసుకుపొయ్యేసరికి లారీలన్నీ మా బజార్లోకి మళ్ళినయ్. మీరు లెక్కబెట్టింది మా బజారు లారీల్ని కాదు. రింగు రోడ్డు లారీల్ని."

గోపాలకృష్ణయ్య చెయ్యి చాచి ఫోను అందుకున్నాడు. ఫోటో చూశాడు, తారీఖు చూశాడు, తన ముందున్న కాగితం మీద ఏదో రాసుకున్నాడు. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. నిఖత్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆగండి," అన్నాడు మౌలాలీ. "నేనింకా కూర్చోలా."

చప్పట్లు ఆగిపోయాయి.

"ఇంక మా అమ్మాయి గీసిన ప్లాను, బజారు ఉన్నట్టే ఉంచి లారీల్ని మాత్రం ఊళ్ళోకి రానియ్యనిది. అదీ నాకు ఒప్పుకోలు కాదు."

కూతురి వైపే తిరిగాడు. పొద్దున్నుంచీ లోపల దాచుకున్నదంతా ఇప్పుడు నలుగురిలో వస్తోంది.

"మంచిదేనమ్మా. పొగ తగ్గిద్ది, దుమ్ము తగ్గిద్ది, మీ అమ్మ దగ్గూ తగ్గిద్ది. కాదన్ను. కానీ ఈ బజార్లో నాతో కలిపి లారీ పనోళ్ళం ముప్పై మందిమి ఉన్నాం. టైర్లోళ్ళు, వెల్డింగోళ్ళు, బ్యాటరీలోళ్ళు. నీ కాగితం మీద బస్సుకు చోటుంది. చెట్టుకు చోటుంది. నడిచేటోడికీ, కూర్చునేటోడికీ చోటుంది. మాకేదమ్మా చోటు?"

ఎన్నో జవాబులు ఉన్నాయి నిఖత్ దగ్గర. ఎలక్ట్రిక్ బండ్ల మరమ్మతు నేర్చుకోవచ్చు, శిక్షణ ఇప్పించవచ్చు. నిన్నటిదాకా అవి జవాబుల్లాగే ఉండేవి. యాభై ఆరేళ్ళ మనిషి ముందు నిలబడి చూస్తే నోటికి రాలేదు.

"పెట్టలేదు నాన్నా," అంది. అందరికీ వినపడేలాగే అంది. "చోటు పెట్టలేదు. తప్పే."

"తప్పని రాయించు మరి. నా అభ్యంతరం అదీ."

"రాయిస్తా. కానీ నా ప్లాను నేను వెనక్కి తీసుకోను. అది నా అభ్యంతరం."

తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. గోపాలకృష్ణయ్య కళ్ళజోడు తీసి తుడుస్తూ ఇబ్బందిగా దగ్గాడు.

"ఇద్దరిదీ ఒకే డోరు నంబరు. నిబంధన ప్రకారం ఒక ఇంటికి ఒకే అభ్యంతరం తీసుకోవాలి. మీ ఇద్దరిలో ఎవరిది రాసుకోమంటారు? ఇంటి యజమాని ఎవరు?"

"నేనే," అన్నాడు మౌలాలీ.

క్లర్కు కంప్యూటర్లో వెతికాడు. "సయీదా బేగం అని ఉంది సార్."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. మౌలాలీ తలతో సహా. ఇంటి జాగా కొన్నప్పుడు రిజిస్ట్రేషను ఆఫీసులో ఆడవాళ్ళ పేరున పెట్టుకోమన్నారని పెట్టాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ తలుచుకోవాల్సిన పని పడలేదు.

సయీదా లేచింది. దుపట్టా తల మీదికి లాక్కుని, కుర్చీల మధ్యగా నడిచొచ్చింది. బల్ల దగ్గర ఆగకుండా మ్యాపు దగ్గరికి పోయింది. రింగు రోడ్డు పక్కన ఒక చోట వేలు పెట్టింది.

"ఇదేంది బాబూ, ఈ ఆకుపచ్చగా ఉన్న జాగా?"

"అది వెంచరు క్లబ్ హౌసమ్మా," అన్నాడు సుధీర్ బాబు. "దానికీ మీ ఇంటికీ సంబంధం లేదు."

"ఇది బండ్ల స్టాండు."

సుధీర్ బాబు నవ్వు మొదటిసారి చెదిరింది.

"మా నాయన దాని గేటు కాడ పనిచేశాడు. మున్సిపాలిటీ జీతం. పల్లెల్నుంచి పత్తి బండ్లొచ్చి, జిన్నింగు మిల్లుకు పొయ్యే ముందు అక్కడ ఆగేయి. నేను పదేళ్ళదాన్ని, రోజూ అన్నం కేరేజీ తీసుకుపొయ్యేదాన్ని. ఎద్దులకు తొట్లు, బండ్లోళ్ళు పడుకోడానికి రేకుల పంచ. ఊరుమ్మడి జాగా అది. ఎప్పుడు క్లబ్బయిందో నాకు తెలవదు."

"అమ్మా, అది ప్రైవేటు స్థలం. రిజిస్ట్రేషను కూడా..."

"నా మాట అయిపోలా." ఆమె గొంతు పెద్దది కాదు. అయినా ఆయన ఆగాడు. "బండ్లు ఆగిన చోట లారీలు ఆగుతయ్. అక్కడ కింద వీళ్ళకు షెడ్లు, పైన కాపురాలు. గేటు ముందు అమ్మాయి చెప్పిన బస్సు. మా ఆయన బస్సెక్కి పనికి పోతాడు, బస్సెక్కి ఇంటికొస్తాడు. మా బజారు మాకుంటది. మా ఇంటి అభ్యంతరం ఇదీ. రాసుకోండి."

మౌలాలీ భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. నిఖత్ మ్యాపును చూస్తోంది. ఆర్నెల్లు ఈ మ్యాపు మీదే పడుకుంది. ఆ పచ్చ ముక్కను ఒక్కసారీ అనుమానించలేదు.

గోపాలకృష్ణయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. "పాత టౌన్ సర్వే పటం తెప్పించండి," అన్నాడు అటెండరుతో. "రికార్డు రూములో ఉంటుంది."

అటెండరు వెళ్ళాడు. త్వరగానే తిరిగొచ్చాడు, ఉత్త చేతులతో.

"పాత పటాలన్నీ స్కానింగుకని తీసుకెళ్ళారంట సార్, పొద్దున. సుధీర్ బాబు గారి మనుషులు."

అందరూ సుధీర్ బాబు వైపు తిరిగారు.

"సోమవారం పంపిస్తాం," అన్నాడు సుధీర్ బాబు, ల్యాప్‌టాప్ మూస్తూ. "విచారణ అయిపోయినట్టే కదా సార్? నేను గుంటూరు వెళ్ళాలి."

సయీదా పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుంది. తీసుకెళ్ళి హాలు గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"పటం తెప్పించండి బాబూ. అందాకా మేం ఎక్కడికీ పోం."

"ఇదేం పద్ధతి? సార్, చెప్పండి ఆవిడకి!"

మౌలాలీ కదిలాడు. ఇంకో కుర్చీ తెచ్చి భార్య పక్కన వేసుకున్నాడు. కొండమ్మ చంకకర్రలు అందుకుని లేచింది. ఆమె వెనక టీచరు, టీచరు వెనక టైర్ల కొట్టువాళ్ళు. ఇందాక నిఖత్ పక్కనుంచి లేచిపోయినవాళ్ళు కూడా.

నిఖత్ తన కుర్చీ పట్టుకుంది.

"నిఖత్," అన్నాడు గోపాలకృష్ణయ్య, ఆమెకు మాత్రమే వినపడేలా. "వాళ్ళు ఊరివాళ్ళు. నువ్వు ఉద్యోగివి. ఆ గుమ్మంలో కూర్చుంటే సెలవు చీటీ నిన్ను కాపాడదు. ఆలోచించుకో."

"ఆలోచించుకున్నాను సార్. మీరు కూడా ఆలోచించండి, ఆ పటం సోమవారం దాకా ఆ చేతుల్లో ఉంటే ఏమవుద్దో."

కుర్చీ ఎత్తుకుని నడిచింది. మౌలాలీ ఆమె వైపు చూడకుండానే తన కుర్చీ ఒక జానెడు పక్కకు జరుపుకున్నాడు.

"నీ ప్లాను మీద నా మాట మారలా," అన్నాడు.

"మారక్కర్లేదు నాన్నా," అంది నిఖత్, కూర్చుంటూ.

హాలు అవతలి మూల కిటికీ దగ్గర సుధీర్ బాబు ఫోను చెవికి పెట్టుకున్నాడు. "అవును ఎస్సై గారూ, గుమ్మానికి అడ్డంగా. ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వెంటనే రండి," అంటున్నాడు.

ఆ మాట అందరికీ వినపడింది. ఎవరూ లేవలేదు. గోపాలకృష్ణయ్య ఒక్కడే లేచాడు. ఫైలు చంకలో పెట్టుకుని, అటు ఫోను వైపు ఒకసారి, ఇటు గుమ్మం వైపు ఒకసారి చూసి, హాలు మధ్యలో నిలబడిపోయాడు.